మెయిన్ దగ్గర మనిషి

ఆమెకు అన్నింటికంటే పెద్ద భయం, బిడ్డ తండ్రిని తన చేత్తోనే చంపేస్తానేమోనని. పామంటే, ఎత్తంటే ఉండే భయం లాంటిది కాదది. వాటినుంచైతే పక్కకు జరగొచ్చు. ఈ చెయ్యి మాత్రం ఎక్కడికి జరిగినా భుజానికి వేలాడుతూ వెంటే వస్తుంది. ఇప్పుడది మెట్ల కింద గోడకు బిగించిన మెయిన్ స్విచ్‌కి జానెడు దూరంలో ఉంది. ఇనప పెట్టె, పక్కన నల్లటి పిడి, పిడి కిందికి దించి ఉంది. పై అంతస్తు గదిలో ఆమె మొగుడు, అందరూ మేస్త్రి అని పిలిచే మనిషి, పరంజా బల్ల మీద నిలబడి తల వెనక్కి వాల్చి, సీలింగులో బిగించిన డబ్బాలోంచి వేలాడే వైర్ల కొనల్ని పళ్ళతో ఒలిచి ఒట్టి వేళ్ళతో మెలిపెడుతున్నాడు. పిడి లేపితే చాలు. పెద్ద బలం కూడా అక్కర్లేదు, పాల గిన్నె మీద మూత తీసినంత తేలిగ్గా లేస్తుంది. లేస్తే వేళ్ళు ముడుచుకుపోతాయి, పట్టుకున్నదాన్ని వదలవు, దవడలు బిగుసుకుని నాలుక మధ్యలో ఇరుక్కుంటుంది, కాళ్ళు బల్లను తన్నుతాయి, బల్ల జారుతుంది, అప్పుడు తల... ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకున్నా తల కిందపడే చప్పుడు వినబడనే వినబడింది, పచ్చి కొబ్బరికాయ గచ్చు మీద పడ్డట్టు. చెయ్యి తీసి చంకలో దాచుకుంది. చంకలో కూడా అది వెచ్చగా, ప్రాణమున్న వేరే జంతువులా కదిలింది.

పని పద్ధతి ఇది. ఒక్కో డబ్బాలో వైర్లు కలపగానే మేస్త్రి పైనుంచి "వెయ్యి" అని కేకేస్తాడు, ఆమె పిడి లేపుతుంది, పైన ఆయన పట్టుకున్న బల్బు వెలుగుతుంది, "తియ్యి" అంటాడు, ఆమె దించుతుంది, ఆయన పక్క డబ్బాకు జరుగుతాడు. ఎక్కి దిగే శ్రమ లేదు. ఎవరో తెలియక పిడి లేపేస్తారన్న బెంగా లేదు. "మెయిన్ దగ్గర మనిషుండాలి, అదీ సొంత మనిషై ఉండాలి" అని ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా ఆయన చెప్పే మొదటి మాట. సొంత మనిషి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమెకు ఒళ్ళంతా పూసింది. ఆయన ప్రాణం తెచ్చి తన చేతిలో పెట్టాడనుకుంది. ఇప్పుడు కూడా పెట్టాడు, పొద్దున బిడ్డను కొట్టిన అదే చేత్తో.

బిడ్డ పక్కనే ఉంది, పరిచిన సిమెంటు సంచుల మీద కుడివైపు ఒత్తిగిల్లి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. మూడేళ్ళు నిండి నెల కాలేదు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, పిట్ట అంటారు, ఒక్కచోట నిలవదని. అలాంటి పిట్ట గంట నుంచి కదల్లేదు. పైకి కనబడే ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళు తేలి ఉన్నాయి, ఐదోది చెవి మీద పడింది. ఊపిరి ఆడుతోంది. ఆమె ఎన్నిసార్లు చూసుకుందో, ముక్కు దగ్గర వేలు పెట్టి, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఇదే చెయ్యి, పిడి దగ్గర నిలబడే చెయ్యి, బిడ్డ పొట్ట మీద ఎంత మెత్తగా పడుతుందో. ఏడ్చి పడుకుంది అంతే, నిద్ర పడితే అన్నీ సర్దుకుంటాయి, లేస్తుంది, బిస్కెట్టు అడుగుతుంది. ఏడ్చిందా అసలు? ఒక్క కేక వేసింది, ఆ తర్వాత నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. తన సొంత ఏడుపు ఎక్కడికి పోయిందా అన్నట్టు చుట్టూ చూసింది. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా ఆమె చంకలో చెయ్యి మళ్ళీ కదులుతోంది.

అంతా అర అంగుళం దగ్గర మొదలైంది. ఈ సీలింగు పనిలో ముందు రీపర్లు బిగిస్తారు, సన్నటి చెక్కబద్దలు, అడుగున్నరకొకటి, గోడ నుంచి గోడకు దారం లాగి, స్లాబు ఎక్కడ లోపలికి పోయిందో అక్కడ బద్ద వెనక పలచటి చెక్కముక్క దూర్చి మట్టం చేస్తారు. తర్వాత బద్దల మధ్య లైట్ల కోసం ఇనప డబ్బాలు. డబ్బా అంచు బద్దతో సమంగా ఉండకూడదు, బద్దకంటే అర అంగుళం కిందికి దిగి ఉండాలి, ఎందుకంటే చివర్లో దాని మీద ఎక్కబోయే జిప్సం షీటు మందం అర అంగుళం. లేని షీటును ఉన్నట్టే అనుకుని డబ్బా పెట్టాలి. అందుకే షీటు ముక్క ఒకటి కోసి కొలతముక్కగా పెట్టుకుంటారు, బద్దకు ఆనించి, డబ్బాను దాని అంచుకు సమంగా తెచ్చి బిగిస్తారు. పోయిన వారం ఇంకో ఇంట్లో ఆరు డబ్బాలు ఆమె తన చేత్తో బిగించింది, మొదటిసారి ఆయన నమ్మి వదిలాడు, ఎంత శ్రద్ధగా పెట్టిందో, వేలితో తడిమి తడిమి, బద్ద ఎక్కడ ఆగి డబ్బా ఎక్కడ మొదలైందో తెలియనంత సమంగా. లేని షీటు మాటే మర్చిపోయింది. మేస్త్రి వచ్చి బొటనవేలితో ఒక్క డబ్బా తడిమాడు, ఏమీ అనలేదు, కింద పడున్న రీపరు ముక్క తీసుకున్నాడు, "ఇటు తిరుగు" అన్నాడు. తిరిగింది. తిరగమంటే తిరిగేసింది, అదే ఆమెకిప్పటికీ ఒంటిని వదలని సిగ్గు. నాలుగు దెబ్బలు వీపు మీద, ఐదోది మెడ దగ్గర. "షీటు ఎక్కడే? షీటు మందం నీ అబ్బ తీస్తాడా?" అని ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్కగా అడిగాడు. రీపరు విరగలేదు. చెక్క దండగ కాలేదని ఆ పూట ఆమె నిజంగానే ఊరట పడింది. ఆమె అత్త చెప్పనే చెప్పింది కాపురానికొచ్చిన కొత్తలో, "వాళ్ళ నాన్నకంటే వీడు నయమే అమ్మాయీ, వీడు ముఖం మీద కొట్టడు" అని, ఏదో పట్టుచీర గురించి చెప్పినట్టు. ఆమె దాన్నే పట్టుకుని నాలుగేళ్ళు బతికింది. ముఖం మీద కొట్టడు. ముఖం మీద కొట్టడు.

"వెయ్యి!"

ఉలిక్కిపడి పిడి లేపింది. లేపేటప్పుడు అరచేతికి ఇనుము చల్లగా తగిలింది. పైన ఏదో చప్పుడవుతుందని ఒక్క క్షణం చెవులు రిక్కించింది, అవలేదు. "ఆ, వెలిగింది. తియ్యి!" దించింది. ఎనిమిది డబ్బాల్లో ఐదు అయ్యాయి. ఇంకా మూడుసార్లు. మూడుసార్లు ఈ చెయ్యి తిన్నగా ఉంటే చాలు. పిలిచాకే లేపాలి, పిలవకముందు లేపకూడదు, ఇంతేగా, చిన్నపిల్లలైనా చేసే పని. ఎనిమిదో తరగతిలో పంతులమ్మ బ్యాటరీ, వైరు, బుల్లి బల్బు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరు వెలిగిస్తారని అడిగితే వెలిగించింది తనే, క్లాసంతా చప్పట్లు కొట్టింది, పంతులమ్మ "నీ చెయ్యి మంచిదే" అంది. ఆ ఏడాదే అమ్మ మంచాన పడితే బడి మానేసింది. కరెంటు మనిషిలోంచి ఎలా పోతుందో పై తరగతుల్లో చెప్తారట, అక్కడిదాకా వెళ్ళలేదు. ఆ పాఠం పెళ్ళయ్యాక మేస్త్రి చెప్పాడు, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, తన తోటి పనివాడు ఎలా పోయాడో, చెయ్యి వదిలించడానికి చెక్కతో ఎలా కొట్టాల్సి వచ్చిందో, వేళ్ళు ఎలా నల్లబడ్డాయో, ముద్ద ముద్దకూ మధ్య చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. ఆయన ఏడవగా ఆమె చూసింది ఆ ఒక్కసారే, ఆ రోజు ఆయన తలను తన ఒళ్ళో పెట్టుకుంది.

చంపాలనుకునే మనిషి గురించి ఇలాంటివి గుర్తు రాకూడదు. వస్తున్నాయి. పిట్ట కడుపులో ఉన్నప్పుడు వాళ్ళుండే గదికి పైన రేకులు, ఎండకు రేకులు ఎర్రగా కాలుతుంటే ఆమె తడిగుడ్డ కప్పుకుని పడుకునేది, ఆయన పనిలో మిగిలిన బద్దలు, షీటు ముక్కలు రోజుకిన్ని మోసుకొచ్చి ఆమె మంచం మీదివరకు చిన్న సీలింగు కట్టాడు, గది మొత్తానికి చాలలేదు, మంచం మీదికి మాత్రమే. లైటు డబ్బా ఎక్కడ పెట్టాలా అని బల్ల మీద నిలబడి అరగంట ఆలోచించాడు. "పుట్టేవాళ్ళు వెల్లకిలా పడుకుంటారుగా, కంట్లో పడకూడదు" అని కాళ్ళవైపు జరిపి పెట్టాడు. అంత ఆలోచించిన మనిషి. పొద్దున ఆ పుట్టినదే కొలతముక్కతో నేల మీద బొమ్మ గీసింది, షీటు ముక్క సుద్దలా తెల్లగా గీస్తుంది మరి, పెద్ద గుండ్రం, దానికి కాళ్ళు, అది అమ్మ అంది. అంచు అరిగింది. అరిగిన ముక్కతో పెట్టిన డబ్బా నూలుపోగంత పైకి పోయింది. మేస్త్రి బొటనవేలికి తెలియకుండా ఎలా పోతుంది? ముక్క తిప్పి చూశాడు. "ఎవరే దీన్ని అరగదీసింది?" అన్నాడు, మామూలుగానే అన్నాడు, పిట్ట చెయ్యెత్తింది, బల్బు వెలిగించిన పిల్లలా చెయ్యెత్తి, "నేనే నాన్నా, నేనే" అంది. ఆయన చెయ్యి వెళ్ళింది. బిడ్డ నేల మీంచి లేచి గోడకు తగిలింది. ఆయన ఇంకో ముక్క విరిచి, ఫైలుతో అంచు రుద్దుకుంటూ, "పిల్లను తీసుకుని కిందికి పో, మెయిన్ దగ్గర నిలబడు" అన్నాడు. ఆమె నిలబడింది. మళ్ళీ తిరగమంటే తిరిగింది.

ముందు హాల్లో మిషనుతో గోడలు రుద్దే పెయింటరు వచ్చాడు. కనుబొమ్మల దాకా తెల్లటి పొడి, అందులోంచి రెండు కళ్ళు.

"వదినా, మెయిన్ వెయ్యి తల్లీ, మిషను ఆగి పావుగంటైంది."

"మేస్త్రి వైర్లు కలుపుతున్నాడు. చెప్పాక వేస్తా."

"ఆయన చెప్పేసరికి నాకు మనవలు పుడతారు. చూడు, పిండిలో దొర్లిన పిల్లిలా ఎలా కూర్చున్నానో. మెయినుకి నువ్వు కాసే కాపలా మా ఆవిడ నాకు కాసుంటే ఎప్పుడో బాగుపడేవాణ్ణి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళు జలదరించింది.

"రెండే నిమిషాలు. అన్నకి నేను చెప్తాలే." మెట్ల వైపు తలెత్తి, "అన్నా! కరెంటు వేస్తున్నా!" అని కేకేశాడు. పైన బ్యాటరీ డ్రిల్లు చెక్కలోకి స్క్రూ దించుతూ కీచుమంది, కేక అందులో కొట్టుకుపోయింది. "వద్దనలేదుగా. వద్దనలేదంటే సరేనన్నట్టే" అని చెయ్యి చాపాడు.

ఆమె జరిగింది. ఎవరూ జరపలేదు, తనే, అరడుగు ఎడమకు. తను ముట్టుకోవడం లేదు. తన చెయ్యి తన దగ్గరే ఉంది. రేపు ఎవరడిగినా పెయింటరు వేశాడు, కేకేసి మరీ వేశాడు, నేను ఆడదాన్ని, ఏమనగలను, తెల్లగుడ్డ కప్పుతారు, నేను గోడకు చేరగిలబడి ఏడుస్తాను, నిజంగానే ఏడుస్తాను, అత్త వచ్చి జుట్టు పట్టుకుంటుంది, పట్టుకోనీ, పిట్టను ఇంక ఎవరూ... అప్పుడు పైన డ్రిల్లు ఆగింది. ఆగిందంటే డ్రిల్లు కింద పెట్టాడు. పెట్టాడంటే రెండు చేతులూ వైర్ల మీదికి వెళ్ళాయి. ఇప్పుడు ఒక వైరు పళ్ళ మధ్య ఉంటుంది. పెయింటరు తెల్లటి వేళ్ళు పిడి చుట్టూ ముడుచుకున్నాయి.

గోడకు ఆనించి ఉన్న రీపరు ముక్క ఆమె చేతిలోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. మణికట్టు మీద పడ్డాక ఆ చప్పుడు తెలిసింది. ఎముక మీద చెక్క. ఇంకోటి వేసింది. మూడోది వేసింది, పెయింటరు అప్పటికే చెయ్యి తీసేసినా వేసింది, భుజం మీద, ఇన్నాళ్ళ వీపూ మెడా కలిపి వేసింది.

"అమ్మో! అమ్మో, పిచ్చెక్కిందా నీకు? చెయ్యి విరగ్గొట్టేశావు కదే! మేస్త్రీ! నీ పెళ్ళానికి దయ్యం పట్టింది!"

"పో" అంది ఆమె. "పో, పో, పో!" అని అరిచింది. మెట్లన్నీ మోగాయి. పెయింటరు చెయ్యి కడుపులో పెట్టుకుని వంగి, తిట్టుకుంటూ హాల్లోకి పరిగెత్తాడు. పైనుంచి "ఏంటే ఆ గోల?" అన్న కేక వచ్చింది. ఆమె రీపరు వంక చూసుకుంది. ఆయన పట్టుకునే చోటే పట్టుకుని ఉంది, ఒక కొనకు జానెడు వదిలి. ఒక్క దెబ్బ కాపాడటానికి, మిగతా రెండూ ఎందుకు వేసినట్టు? తియ్యగా ఉండింది. అదే అసలు భయపెట్టింది, తియ్యగా ఉండటం.

ఆ తర్వాతే ఆమెకు తట్టింది, ఇంత గోల జరిగినా పిట్ట లేవలేదని.

మోకాళ్ళ మీద కూలబడి "పిట్టా" అంది. చెవిలో "పిట్టా, ఇదిగో బిస్కెట్టు" అంది. రీపరుతో నేల మీద టప్పున కొట్టింది. రెప్ప కదల్లేదు. భుజం ముట్టుకుంటే కళ్ళు తెరిచింది. తెరిచి, అమ్మ ముఖం చూసి, పెదవుల వంక చూసింది. కింద ఆనిన చెవిని అరచేత్తో మూసి, వేలు తేలిన చెవి దగ్గర మళ్ళీ పిలిచింది. పిట్ట పెదవుల వంకే చూస్తోంది. చెవి రంధ్రం దగ్గర ఎండిన గోధుమరంగు గీత ఒకటి, దారమంత.

ఇక ఆ చెయ్యి ఏం చేస్తుందో ఆమె ఊహించడం మానేసింది, ఊహించే లోపు ఏదైనా చేసేస్తుంది. ఇనప పెట్టె మూత తీసి, పింగాణీ ఫ్యూజు పట్టుకుని లాగింది. ఊడి వచ్చింది, ఇక పిడి ఎవరు లేపినా కరెంటు రాదు. పిట్టను భుజాన వేసుకుని మెట్లెక్కింది. గదిలో బద్దలు ఈ గోడ నుంచి ఆ గోడకు పక్కటెముకల్లా పరుచుకుని ఉన్నాయి, వాటి మధ్య చేతులు దూర్చి నిలబడ్డాడు మేస్త్రి.

"కింద ఎవరున్నారే?" అన్నాడు వైరు నోట్లో పెట్టుకునే.

"ఎవరూ లేరు."

చేతులు నిప్పు ముట్టుకున్నట్టు కిందికి వచ్చాయి. వైరు ఉమ్మేశాడు. "ఎవరూ లేకుండా వచ్చేస్తావా? బుద్ధుందా? నన్ను చంపుదామనా?"

"అవునండీ" అంది. గొంతు ఎంత మామూలుగా వచ్చిందో, ఉప్పు సరిపోయిందా అంటే అవునన్నట్టు. "పొద్దుట్నుంచీ అదే అనుకుంటున్నా. ఇందాక పెయింటరు చేత వేయించబోయా కూడా. అందుకే తీసుకొచ్చేశా. ఇదిగో ఫ్యూజు, మీ దగ్గరే పెట్టుకోండి. నా చేతికి ఇవ్వకండి."

ఆయన బల్ల మీంచి ఆమెను చూశాడు. ఆ ముఖం ఆమెకు తెలుసు. అద్దంలో చూసుకునే ముఖమే, కళ్ళు కొంచెం వెడల్పై, పెదవి ఒక మూలకు లాక్కుపోయి, ఎటు తప్పుకోవాలా అని ఒళ్ళంతా లెక్కేసుకునే ముఖం. ఆయన మీద అది అతికినట్టు సరిపోయింది. ఎంతసేపు? వైరు ఊగి ఆగేంతసేపు. తర్వాత ముక్కుతో నవ్వి, వంగి ఫ్యూజు అందుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది నా జేబులో ఉన్నాక కింద నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దాన్నలా మూలన పడుకోబెట్టి బద్ద అందుకో."

"దీని చెవి చూపించాలి."

"చెవికేమైంది?"

"మీరా అడుగుతున్నారు?"

మేస్త్రి బొటనవేలితో డబ్బా అంచు తడిమాడు, సరిగ్గానే ఉంది కాబోలు, రెండు చేతులూ మళ్ళీ వైర్లలోకి పెట్టాడు. "సాయంత్రానికి షీట్లెక్కాలి" అన్నాడు సీలింగుతో.

వీధిలో ఎండ కళ్ళలో గుచ్చుకుంది. నడిచింది. ఎడమవైపు నుంచి లారీ హారను కొడుతూ దూసుకుపోతే పిట్ట తల అటు తిరగలేదు. ఆసుపత్రి ఇంకో రెండు మలుపులు. డాక్టరుతో ఏమని చెప్పాలి, జారిపడిందనా, గోడ తగిలిందనా, తగిలింది కదా గోడ కూడా, అబద్ధం కాదు, కాదు, ఈసారి చెప్పేయాలి, వేళ్ళు లెక్కపెట్టుకోమనాలి. పిట్ట వీపు మీద ఆ చెయ్యి ఇప్పుడు నిదానంగా ఉంది. ఫ్యూజు లేదు, పిడి లేదు, ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేరు. మొదటి మలుపు తిరుగుతుండగా గుర్తొచ్చింది. పోయిన నెల ఇంకో ఇంట్లో ఫ్యూజు కాలిపోయి మిషను ఆగితే ఈ పెయింటరే ఒక వైరు ముక్క ఒలిచి, వంచి, ఫ్యూజు ఉండాల్సిన ఖాళీలో దూర్చేసి, "ఫ్యూజెందుకు వదినా, వైరుంటే చాలు" అని నవ్వుతూ మిషను నడుపుకున్నాడు. ఇప్పుడూ మిషను ఆగే ఉంది. పెయింటరుకు ఒక చెయ్యి దెబ్బతింది, ఇంకో చెయ్యి బాగానే ఉంది. మెయిన్ దగ్గర మనిషి లేదు. పైన ఆయన, జేబులో ఫ్యూజు తడిమి చూసుకుని, ఎన్నడూ లేనంత ధీమాగా, కిందికి కేకెయ్యకుండానే రెండు వైర్లూ ఒకేసారి పట్టుకుంటాడు.

ఆమె ఆగిపోయింది. ముగ్గురికీ ఉన్న ఒక్క ఫోనూ ఆమె భుజాన వేలాడే సంచిలోనే ఉంది, పెయింటరు నంబరు మేస్త్రికి నోటికొచ్చు, ఫోనులో లేదు. పరిగెత్తితే ఐదు నిమిషాలు. బిడ్డతో అయితే ఏడు. వెనక్కి తిరగమని కాళ్ళకు చెప్పింది. ఎవరు తిరగమన్నా తిరిగే కాళ్ళు అవి, ఇన్నేళ్ళూ తిరిగాయి. కదలడం లేదు. ఇంతకాలం చేతిని చూసుకుంటూ వచ్చింది, కాళ్ళను అనుమానించనే లేదు. నిలబడితే చాలని, నిలబడటం తప్పు కాదని, అవి అంటున్నాయి. పిట్ట ఆమె గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది, పెదవులు చూడటానికి, ఏమంటుందోనని.

ఆమె ఏమీ అనడం లేదు, ఆ మలుపులోనే నిలబడి ఉంది. మీరెవరైనా ఆ వీధి దగ్గర్లో ఉంటే, తలుపులు తీసే ఉంటాయి, లోపలికి వెళ్ళి మెట్ల కింద పిడి పైకి ఉందో కిందికి ఉందో చూడండి. కిందికి ఉంటే అక్కడే ఎవరైనా నిలబడండి. పైకి ఉంటే దించేసి, మెట్లెక్కి, ఆయన్ని ముట్టుకోకుండా, గుమ్మంలోంచే ఒకసారి పిలిచి చూడండి, పలుకుతాడేమో.